కవచం విప్పకుండా చదివిన ప్రభువు: ఉర్బీనో లైబ్రరీలో మత గ్రంథాలు

ఇటలీలో ఉర్బీనో అనే కొండమీది ఊళ్ళో పాత రాజభవనమే ఇప్పుడు చిత్రాల మ్యూజియం. అక్కడ 1475 ప్రాంతంలో గీసిన ఒక బొమ్మ ఉంది. యాభై దాటిన మనిషి ఒంటినిండా ఇనుప కవచంతో కుర్చీలో కూర్చుని పెద్ద పుస్తకం ఒకటి పట్టుకుని చదువుకుంటున్నాడు. శిరస్త్రాణం కాళ్ళ దగ్గర నేలమీద ఉంది. ముత్యాలు పొదిగిన బట్టలు వేసుకున్న చిన్న కొడుకు మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో కొడుకు పక్కన కూర్చుని చదువుకునే మనిషికి కవచంతో ఏం పని? బరువు, ఉక్కపోత, పేజీ తిప్పాలన్నా ఇబ్బందే. అయినా ఆయన్ని అలాగే గీశారు, ఎందుకంటే కత్తి, పుస్తకం రెండూ తనవేనని లోకం చూడాలని ఆయన కోరిక. ఆ మనిషి ఉర్బీనో డ్యూక్ ఫెదెరీకో ద మొంతెఫెల్త్రో. పదిహేనో శతాబ్దపు ఇటలీలో కిరాయి సైన్యాలు నడిపినవాళ్ళలో అందరికన్నా పేరున్నవాడు, ఆ కాలంలో సొంత లైబ్రరీ కట్టుకున్న ప్రభువుల్లోనూ ముందువరసలో ఉన్నవాడు.

ఆ లైబ్రరీ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా గ్రీకు, లాటిన్ సాహిత్యం గురించే రాస్తారు. రినైసెన్స్ అనగానే ప్లేటో, సిసెరో గుర్తుకు రావడం సహజం. కానీ ఫెదెరీకో తన పుస్తకాలన్నిటికీ తలమానికంగా పెట్టుకున్నది బైబిల్‌ని. దాని చుట్టూ సంఘ పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల) రచనలు, పదమూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ రాసిన వేదాంతం (అంటే క్రైస్తవ దైవశాస్త్రం), ఆయన చదవలేని హీబ్రూ గ్రంథాలు, చివరి రోజుల్లో ఖురాన్ అనువాదం కూడా చేరాయి. మరి ఇందులో ఆయన నిజంగా చదివింది ఎంత? చదివినదాంతో ఆయన బతుకు ఏమైనా మారిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే మనం తరచూ కలిపేసే మూడు విషయాలను విడదీయాలి: కొన్న పుస్తకం, చూపించే పుస్తకం, చదివిన పుస్తకం. మన ఇళ్ళలో పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టిన భాగవతం ఉంటుంది. అది ఉందంటే ఇంట్లోవాళ్ళు రోజూ చదువుతున్నారని అర్థం కాదు, అలాగని దాన్ని లెక్కచేయడం లేదనీ అర్థం కాదు. ఐదువందల యాభై ఏళ్ళ కిందటి ఒక ప్రభువు అల్మరా దగ్గర కూడా ఇంతే జాగ్రత్తగా ఉండాలి.

ముందు మనిషి గురించి కొంచెం తెలియాలి. 1422లో గుబ్బియోలో పుట్టాడు, తండ్రి ఉర్బీనో ప్రభువు, కానీ ఈయన పెళ్ళికి బయట పుట్టిన బిడ్డ. చిన్నతనంలో కొంతకాలం మాంతువాలో విత్తొరీనో ద ఫెల్త్రే నడిపిన బడిలో చదివాడు. ఆ బడిలో లాటిన్, గణితం, వ్యాయామం ఎంత ముఖ్యమో రోజువారీ ప్రార్థన కూడా అంతే ముఖ్యం, పిల్లలు భక్తితో పెరగకపోతే చదువంతా వృథా అని గురువు నమ్మకం. ఫెదెరీకో ఆ గురువును జీవితాంతం మరిచిపోలేదు, తర్వాత తన చదువుగదిలో ఆయన బొమ్మ పెట్టించి కింద 'పరమ పవిత్రుడైన గురువుకు' అని లాటిన్‌లో రాయించాడు. 1444 జులైలో, అసలు వారసుడైన సవతి తమ్ముడు ఒద్దాంతోనియోను ఊళ్ళోవాళ్ళే చంపేశారు. ఫెదెరీకో వెంటనే వచ్చి గద్దె ఎక్కాడు, హంతకుల మీద చర్య తీసుకోనని ముందే ఒప్పుకుని మరీ. ఆ చావులో ఈయన చెయ్యి ఉందా అనే అనుమానం ఆయన ఉన్నన్నాళ్ళూ వెంటాడింది, ఇప్పటికీ పోలేదు. తర్వాత గుర్రాలమీద ఈటెలతో ఆడే ఒక పోటీలో కుడికన్ను పోయింది. అందుకే ఏ బొమ్మలో చూసినా ఎడమవైపు ముఖమే కనిపిస్తుంది. పోప్ నాలుగో సిక్స్‌టస్ 1474లో డ్యూక్ బిరుదు ఇచ్చాడు.

పుట్టుకలో మచ్చ, గద్దె ఎక్కిన తీరులో మచ్చ, సంపాదన అంతా డబ్బుకోసం చేసిన యుద్ధాలది. ఇలాంటి మనిషికి మతం, చదువు రెండూ గౌరవం తెచ్చిపెట్టేవే. ఆయన పుస్తకాల పిచ్చిని కేవలం పరువుకోసం వేసిన వేషం అని కొట్టిపారేసేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆధారాలు చూస్తే వ్యవహారం అంత సులువుగా తేలేది కాదు.

ఈ లైబ్రరీ గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం వెస్పాసియానో ద బిస్తిచ్చి రాసిపెట్టిందే. ఈయన ఫ్లోరెన్స్‌లో చేతిరాత పుస్తకాల వ్యాపారి, ఐరోపాలో ఆ వ్యాపారం ఆయనంత పెద్ద ఎత్తున చేసినవాళ్ళు అరుదు. ఫెదెరీకో ఆయనకు అతిపెద్ద ఖాతాదారుల్లో ఒకడు. ఉర్బీనోలో, ఫ్లోరెన్స్‌లో, ఇంకా మిగతా చోట్ల కలిపి ముప్పైమందికి పైగా లేఖకులు పద్నాలుగేళ్ళకు మించి ఈ ఒక్క ప్రభువు కోసం రాస్తూనే ఉన్నారని, దీనికి 30,000 డకాట్ల (బంగారు నాణేల) పైన ఖర్చయిందని ఆయన చెప్పాడు. పోప్ లైబ్రరీ, ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠం లైబ్రరీ, పావియా కోట లైబ్రరీ, చివరికి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ వరకూ పుస్తకాల జాబితాలు తెప్పించి పోల్చి చూసుకున్నారట. అన్నిచోట్లా ఏదో ఒక లోటు ఉంది, ఒకే పుస్తకం రెండు మూడు ప్రతులున్నాయి, ఉర్బీనోలో మాత్రం ప్రతి రచయితవీ అన్ని రచనలూ పూర్తిగా ఉన్నాయని వెస్పాసియానో గర్వంగా రాశాడు.

ఇదే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: అక్కడ ఉన్నవన్నీ చేత్తో రాసినవే, అచ్చు పుస్తకం ఒక్కటి కూడా లేదు, ఉంటే డ్యూక్ సిగ్గుపడేవాడు అని. ఈ మాట నిజం కాదు. ఆ లైబ్రరీలో అచ్చు పుస్తకాలూ ఉండేవని తర్వాతి పరిశోధకులు చూపించారు. మరి వెస్పాసియానో ఎందుకలా రాశాడంటే, అచ్చుయంత్రం ఆయన పొట్ట కొట్టింది. 1478 తర్వాత ఆయన దుకాణం వదిలేసి పల్లెకు వెళ్ళిపోయి, తనకు తెలిసిన గొప్పవాళ్ళ జీవితాలు రాస్తూ కూర్చున్నాడు. పోయిన వ్యాపారం మీది బాధ, తాను చేయించిన పని మీది ప్రేమ రెండూ కలిసి ఆ వాక్యంలో ఉన్నాయి. కాబట్టి ఫెదెరీకో భక్తి గురించి ఆయన చెప్పేవి వింటున్నప్పుడు, ఇది సరుకు అమ్మినవాడి సాక్ష్యం అని గుర్తుంచుకోవాలి. అయితే ఆయనకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని చిన్నచిన్న వివరాలు చాలా ఉన్నాయి, వాటి విలువే ఎక్కువ.

ఉదాహరణకు అక్వినాస్ సంగతి. ఫెదెరీకో వేదాంతం నేర్చుకోవాలనుకుని అక్వినాస్ మహాగ్రంథం మొదటి భాగం చదివించుకున్నాడని, ఆ సిద్ధాంతం ఆయనకు బాగా నచ్చిందని, అది స్పష్టంగా ఉండి తనను తాను కాచుకోగలదని ఆయన అనుకునేవాడని వెస్పాసియానో రాశాడు. మరో మధ్యయుగ క్రైస్తవ పండితుడు డన్స్ స్కోటస్ ఇంకా సూక్ష్మంగా ఉంటాడు గానీ అక్వినాస్ అంత తేటగా ఉండడని కూడా ఆయన అభిప్రాయమట. పొగడటానికే అయితే 'వేదాంతంలో దిట్ట' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఇద్దరు రచయితలను పక్కపక్కన పెట్టి ఒకరు స్పష్టం, ఇంకొకరు సూక్ష్మం అని చెప్పాలంటే ఆ మనిషి ఆ పేజీల్లో కొంతైనా కష్టపడి ఉండాలి.

అక్వినాస్ ఎందుకు నచ్చాడో ఊహించడం కూడా కష్టం కాదు. ఆ గ్రంథం కట్టుబాటే ఒక యుద్ధ వ్యూహంలా ఉంటుంది. ముందు ఒక ప్రశ్న వేస్తాడు. దానికి ఎదురుపక్షం వాదాలన్నీ తానే వరసగా, బలంగా పెడతాడు. తర్వాత తన పక్షాన ఒక ప్రమాణం, ఆపైన తన జవాబు, చివర ఎదురువాదాలకు ఒక్కొక్కదానికి విడివిడిగా సమాధానం. శత్రువు ఏ వైపు నుంచి వస్తాడో ముందే లెక్కేసి ఒక్కో దారి మూసుకుంటూ రావడం అన్నమాట. ముట్టడులు చేసి, ముట్టడులు కాచి నలభై ఏళ్ళు గడిపిన మనిషికి 'తనను తాను కాచుకోగల సిద్ధాంతం' అనే మాట నోట్లోంచి రావడంలో వింత లేదు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి. ఆ మొదటి భాగం దేవుడి గురించి, సృష్టి గురించి, దేవదూతల గురించి, మనిషి స్వభావం గురించి. యుద్ధం ఎప్పుడు ధర్మం, ఎప్పుడు పాపం అనే ప్రశ్న వచ్చేది చాలా తర్వాత, రెండో భాగంలోని రెండో సగంలో. వెస్పాసియానో పేరు పెట్టి చెప్పింది మాత్రం మొదటి భాగాన్నే.

చదువు అనగానే మనం ఒంటరిగా, మౌనంగా కళ్ళతో చదవడమే అనుకుంటాం. ఫెదెరీకో మత గ్రంథాల చదువులో సగానికి పైగా చెవులతో చేసిందే అనిపిస్తుంది. రోజూ పొద్దున్నే దివ్యపూజ వినేవాడు. భోజనం చేస్తున్నంతసేపూ పక్కన ఒకరు పుస్తకం చదివి వినిపించాలి. మామూలు రోజుల్లో అయితే రోమన్ చరిత్రకారుడు లివీ, తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో) అయితే ఏదైనా భక్తి గ్రంథం, రెండూ లాటిన్‌లోనే. మయెస్త్రో లాజరో అనే వేదాంత పండితుణ్ణి పెట్టుకుని అరిస్టాటిల్ నీతిశాస్త్రం చెప్పించుకున్నాడు, కష్టమైన చోట ఆయనతో వాదించేవాడు, చివరికి ఆ పండితుణ్ణే ఉర్బీనో బిషప్‌ని చేయించాడు. ఫ్రాన్సిస్కన్ మఠానికి వెళ్ళి సన్యాసులతో మాట్లాడేవాడు. మన దగ్గర పురాణ కాలక్షేపం విని పెరిగినవాళ్ళకు ఈ పద్ధతి బాగా అర్థమవుతుంది: గ్రంథం ఒకరి నోట్లో, అర్థం ఇంకొకరి నోట్లో, వినేవాళ్ళ ప్రశ్నలు మధ్యమధ్యలో. పేజీ అంచుల్లో ఆయన చేతిరాత ఎంత ఉందో వెతికి దాన్నిబట్టి చదివాడా లేదా అని తేల్చడం ఇలాంటి పాఠకుడి విషయంలో సరైన కొలత కాదు.

ఆయన కోరి సమకూర్చుకున్న సంఘ పితరుల వరస కూడా ఒక అభిరుచిని చూపిస్తుంది. లాటిన్ పక్షాన అంబ్రోజ్, జెరోమ్, అగస్టీన్, గ్రెగరీ. గ్రీకు పక్షాన బాసిల్, జాన్ క్రిసొస్తోమ్, నజియాంజస్‌కు చెందిన గ్రెగరీ, అథనాసియస్, సిరిల్, వీళ్ళందరూ లాటిన్ అనువాదంలో. గ్రీకు పితరులను ఇలా తెచ్చి లాటిన్ పితరుల పక్కన నిలబెట్టడం ఆ తరం కొత్తగా చేసిన పని. మధ్యయుగంలో పశ్చిమ ఐరోపాకు వీళ్ళ రచనలు కొద్దిగానే తెలుసు. ఇటలీ పండితులు గ్రీకు నేర్చుకుని హోమర్‌ని, ప్లేటోని అనువదించిన ఉత్సాహంతోనే వీళ్ళనీ అనువదించారు. అందుకే రినైసెన్స్ అంటే మతం నుంచి దూరం జరగడం అనే మాట ఈ అల్మరా ముందు నిలబడదు. అదే భాషాజ్ఞానం, అదే లేఖకులు, అదే డబ్బు, రెండువైపులా ప్రవహించింది.

భవనంలోనే దీనికి అచ్చమైన సాక్ష్యం ఉంది. పైఅంతస్తులో ఫెదెరీకో సొంత చదువుగది, 1476లో పూర్తయింది, దాదాపు మూడున్నర మీటర్ల చదరం, ఒక చిన్న పడకగది అంత కూడా ఉండదు. కింద గోడలంతా రంగురంగుల చెక్కముక్కలు అతికి చేసిన పని, తలుపు సగం తెరిచిన అల్మరాలు, లోపల పుస్తకాలు, సంగీత వాద్యాలు, ఒక మూల విప్పి పెట్టిన కవచం ముక్కలు, అన్నీ నిజమే అనుకుని చెయ్యి చాచేంత బాగా. వాటి పైన రెండు వరసల్లో ఇరవైఎనిమిదిమంది మహానుభావుల బొమ్మలు. పైవరసలో ప్లేటో, అరిస్టాటిల్, హోమర్, వర్జిల్, సిసెరో వంటివాళ్ళు, గురువు విత్తొరీనో కూడా వీళ్ళతోనే. కిందివరసలో మోషే, సొలొమోను, నలుగురు లాటిన్ పితరులు, అక్వినాస్, స్కోటస్, డాంటే, పెట్రార్క్, కార్డినల్ బెస్సారియన్, బతికున్న పోప్ నాలుగో సిక్స్‌టస్. ఆ చిన్న గదిలో కూర్చున్న మనిషికి దగ్గరగా, కంటికి ఆనేటట్టు ఉన్నది కిందివరసే. ఇప్పుడు ఈ బొమ్మల్లో పద్నాలుగు ఉర్బీనోలో, పద్నాలుగు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్నాయి.

ఆ గదికి కింద, మెట్లు దిగితే, ఇంకా చిన్నవైన రెండు గదులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒకటి క్రైస్తవ ప్రార్థనామందిరం, దానికి క్షమాపణ మందిరం అని పేరు. రెండోది గ్రీకు కళాదేవతలైన మ్యూజ్‌లకు. బయట లాటిన్‌లో ఒక రాత ఉంది: ఇక్కడ రెండు గుళ్ళు చిన్న దూరంతో కలిసి ఉన్నాయి, ఒక భాగం మ్యూజ్‌లది, ఇంకో భాగం దేవుడిది అని. ఇలా రాయించుకోవడానికి ఆ మనిషికి సంకోచం ఏమీ కలగలేదు. రెండిటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే అన్న సంగతి ఆయనకు దాచుకోవాల్సిన విషయంలా అనిపించలేదు.

ఇక అసలైన లైబ్రరీ ఉన్నది కింది అంతస్తులో, భవనం పెద్దవాకిలి దాటి లోపలికి రాగానే. ఈ చోటు ఎంపికే చాలా చెబుతుంది. పై గది తనకోసం, కింది గది వచ్చినవాళ్ళకోసం. ఉర్బీనో ఆస్థాన నియమావళిలో లైబ్రరీ అధికారి ఎలా ఉండాలో రాసిపెట్టారు, దాన్ని చదువుతుంటే ఆ గది కళ్ళముందు కదలాడుతుంది. అధికారి చదువుకున్నవాడు, చూడ్డానికి బాగున్నవాడు, మంచి మాటతీరు ఉన్నవాడు అయి ఉండాలి. పుస్తకాలకు తేమ, పురుగు తగలకుండా, మురికి చేతులవాళ్ళు, తెలివిలేనివాళ్ళు ముట్టుకోకుండా చూసుకోవాలి. పండితులు, పదవిలో ఉన్నవాళ్ళు వస్తే తానే దగ్గరుండి మర్యాదగా చూపించాలి, రాత అందం, బొమ్మల అందం వివరించాలి, అదే సమయంలో వాళ్ళు కాగితాలు చించుకుపోకుండా ఓ కన్నేసి ఉంచాలి. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళకు ఒక్క చూపు చాలు, పలుకుబడి ఉన్నవాళ్ళయితే తప్ప. డ్యూక్ ఆజ్ఞ లేకుండా ఏ పుస్తకమూ బయటికి పోకూడదు, అరువు ఇస్తే రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి, తిరిగి వచ్చేదాకా వెంటపడాలి. లైబ్రరీలో పనిచేసినవాళ్ళెవరైనా ఈ రసీదు దగ్గర ఆగి నవ్వుకుంటారు, అప్పటికీ ఇప్పటికీ బాధ ఒక్కటే.

ఈ గదికి రాజు, లాటిన్ బైబిల్. రెండు సంపుటాలు, ఒక్కో పేజీ దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తు, 44 సెంటీమీటర్ల వెడల్పు, మంచి తోలు పత్రాల మీద 1476 నుంచి 1478 మధ్య ఫ్లోరెన్స్‌లో తయారైంది. రాసింది ఫ్రాన్స్ నుంచి వచ్చిన లేఖకుడు, బొమ్మలు వేసింది ఫ్లోరెన్స్‌లోని మేటి చిత్రకారుల బృందం. ఒక్కో పుస్తకం మొదట్లో పేజీ పైభాగమంతా పరుచుకున్న దృశ్యం, నీలం, బంగారం, అంచుల నిండా పూలు, పక్షులు, మొంతెఫెల్త్రో వంశపు గద్ద. దీన్ని బంగారు జరీ గుడ్డతో కప్పి, వెండి పని చేయించారని, అన్ని రచనలకూ ఇదే శిరస్సు కాబట్టి ఇంత వైభవంగా చేయించమని డ్యూక్ చెప్పాడని వెస్పాసియానో రాశాడు.

ఇది చదువుకోవడానికి చేయించిన బైబిల్ కాదు. అప్పటికి గుటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, 1471లోనే వెనిస్‌లో ఇటాలియన్ భాషలో బైబిల్ అచ్చయింది. వాక్యం తెలుసుకోవాలంటే మార్గాలు బోలెడున్నాయి. ఇంత బరువైన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చదవలేరు, బల్లమీద పెట్టి, నిలబడి, ఇంకొకరి సాయంతో పేజీలు తిప్పాలి. అలాగని దీన్ని ఆడంబరం అనేస్తే ఆ కాలపు మనసు మనకు అందదు. గుడికి బంగారు శిఖరం చేయించినవాడు దాని నీడలో నిద్రపోవాలని చేయించడు. దేవుడి మాటకు తన చేతనైనంత గొప్ప ఇల్లు కట్టడం ఆయన దృష్టిలో ఆరాధనే, ఆ ఇంటి గుమ్మం మీద తన వంశపు గద్దను పెట్టుకోవడం కూడా ఆయనకు తప్పుగా తోచలేదు. భక్తి, అహం ఒకే పేజీలో ఉన్నాయి.

ఈ బైబిల్ తయారైన నెలల్లోనే జరిగిన ఇంకో సంగతి ఉంది, అది వదిలేస్తే ఈ కథ అబద్ధమవుతుంది. 1478 ఏప్రిల్ 26, ఆదివారం, ఫ్లోరెన్స్ పెద్దగుడిలో పూజ జరుగుతుండగా, ఆ ఊరిని చేతిలో పెట్టుకున్న మెదిచి కుటుంబపు సోదరులు లొరెంజో, జులియానోల మీద కత్తులతో దాడి చేశారు. జులియానో అక్కడికక్కడే చనిపోయాడు, లొరెంజో గాయంతో తప్పించుకున్నాడు. చరిత్రలో దీన్ని పాత్సీ కుట్ర అంటారు. ఇందులో ఫెదెరీకో పాత్ర ఏమిటో ఐదు శతాబ్దాలకు పైగా తేలలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో రోమ్‌లోని తన రాయబారులకు ఆయన రహస్యలిపిలో పంపిన ఉత్తరం ఒకటి ఉర్బీనోలో ఒక పాత కుటుంబం కాగితాల్లో దొరికింది. మార్చెల్లో సిమొనెత్తా అనే చరిత్రకారుడు ఆ లిపిని ఛేదించి 2004లో ప్రకటించాడు. కుట్ర ఫలిస్తే ఊరిని పట్టుకోవడానికి ఫ్లోరెన్స్ బయట ఆరువందలమంది సైనికులను ఫెదెరీకో సిద్ధంగా ఉంచాడు. అంటే ఒక వీధిలో చిత్రకారులు ఆయన బైబిల్‌కి బంగారు రేకు అద్దుతున్నారు, అదే ఊరి గుడిలో పూజ మధ్యలో మనుషులను చంపే పథకంలో ఆయన భాగస్వామి.

లొరెంజోను చంపే పని చివరికి ఇద్దరు మతగురువుల మీద పడింది. వాళ్ళలో ఒకడు అంతోనియో మఫ్ఫేయి, ఊరు వొల్తెర్రా. ఆ ఊరు పేరు ఫెదెరీకో లైబ్రరీ చరిత్రలో ఇంకో చోట వస్తుంది, అక్కడ ఇంకా ఎక్కువ ఆగాలి.

1472లో పటిక గనుల విషయంలో వొల్తెర్రాకీ ఫ్లోరెన్స్‌కీ తగవు వచ్చింది. లొరెంజో ఆ ఊరిని లొంగదీయడానికి ఫెదెరీకోను పిలిపించుకున్నాడు. ముట్టడి కొన్ని వారాలు సాగింది, జూన్‌లో ఊరు లొంగిపోయింది, ప్రాణాలకు, ఆస్తులకు హామీ ఇచ్చిన తర్వాత కూడా సైనికులు ఊరిని దోచేశారు. వెస్పాసియానో ఇక్కడ తన దొరను వెనకేసుకొస్తాడు, ఆపడానికి ఆయన చాలా ప్రయత్నించాడంటాడు. ఫ్లోరెన్స్ మాత్రం విజయోత్సవం చేసి ఫెదెరీకోకి వెండి శిరస్త్రాణం బహూకరించింది. వొల్తెర్రా నుంచి ఆయన ఉర్బీనోకి తెచ్చుకున్నవాటిలో మెనాహెమ్ బెన్ అహరోన్ అనే యూదు సంపన్నుడి హీబ్రూ పుస్తకాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా గొప్పది 1294 నాటి హీబ్రూ బైబిల్, మూలంతోపాటు అరమాయిక్ భాషలో ప్రాచీన అనువాదం కూడా ఉన్న భారీ సంపుటం.

ఒక యూదు ఇంట్లో ఆ పుస్తకం ఏమిటో ఆలోచించాలి. తరతరాలుగా ఇంటిల్లిపాదీ విని నేర్చుకునే ధర్మం అది. ఉర్బీనోకి వచ్చాక అదే పుస్తకం దాన్ని చదవలేని మనిషి అల్మరాలో ఒక అరుదైన వస్తువు. ఫెదెరీకోకి లాటిన్ వచ్చు, హీబ్రూ రాదు. మూడు భాషల్లోనూ మూలగ్రంథాలుండాలి అన్నది పండితుల ఆదర్శం, సిలువ మీద రాసిన రాత హీబ్రూ, గ్రీకు, లాటిన్ భాషల్లో ఉందని సువార్త చెబుతుంది కాబట్టి ఆ మూడూ పవిత్రం. ఆ ఆదర్శం నెరవేరడానికి దారి ఇలా దొరికింది.

ఇంకొక్కటి పక్కన పెట్టి చూడాలి. అదే ఉర్బీనోలో, 1467, 1468 సంవత్సరాల్లో, ఒక భక్త సంఘం కోసం పావొలో ఉచ్చెల్లో అనే గొప్ప చిత్రకారుడు బలిపీఠం కిందిభాగానికి ఆరు దృశ్యాలు గీశాడు. క్రైస్తవులు పూజలో క్రీస్తు శరీరంగా భావించే పవిత్ర అప్పాన్ని ఒక యూదు వ్యాపారి కొని కాల్చాడని, దాన్నుంచి రక్తం కారిందని, చివరికి అతన్నీ భార్యనూ పిల్లలనూ సజీవంగా తగలబెట్టారని చెప్పే కట్టుకథ అది. పైభాగం పెద్ద చిత్రం తర్వాత పూర్తయింది, దానికి ఫెదెరీకో డబ్బు సాయం చేశాడు, అందులో తానూ ఒక పక్కన నిలబడి కనిపిస్తాడు. ఊళ్ళోవాళ్ళు పూజకు వచ్చినప్పుడు చూసేది మంటల్లోని ఆ పిల్లలను. పండితులు భవనానికి వచ్చినప్పుడు చూసేది ఆ హీబ్రూ బైబిల్‌ని. రెండూ ఒకే ప్రభువు నీడలో. పుస్తకాన్ని గౌరవించడం, ఆ పుస్తకం ఎవరిదో వాళ్ళను గౌరవించడం ఒకటేనని మనం అనుకోవాలనుకుంటాం, ఉర్బీనోలో అది జరగలేదు.

చివరి రోజుల్లో వచ్చిన ఒక పుస్తకంతో ఆయన మత జిజ్ఞాస ఎంతవరకూ పోయిందో తెలుస్తుంది. సిసిలీలో యూదు కుటుంబంలో పుట్టి క్రైస్తవం తీసుకున్న ఫ్లావియస్ మిథ్రిడేటిస్ అనే పండితుడు, 1480, 81 ప్రాంతంలో, ఖురాన్‌లోని 21, 22 సూరాలను (అధ్యాయాలను) లాటిన్‌లోకి అనువదించి ఫెదెరీకోకి అంకితమిచ్చాడు. కాలం గుర్తుపెట్టుకోవాలి. 1480 ఆగస్టులో తురుష్క సైన్యం ఇటలీ గడ్డమీద ఒత్రాంతో పట్టణాన్ని పట్టుకుంది, దేశమంతా భయంతో వణికిపోయింది. 'శత్రువు ఏం నమ్ముతాడు' అని తెలుసుకోవాలనే కోరిక అందులో కొంత ఉండవచ్చు, ఒక సైన్యాధిపతికి అది మరీ సహజం. కానీ ఇరవైఒకటో సూరాలో అబ్రాహాము, నోవహు, దావీదు, సొలొమోను, యోబు, జెకర్యా, మరియ అందరూ వరసగా కనిపిస్తారు. తన బైబిల్లో చూసిన పేర్లే పరాయి గ్రంథంలో ఎదురైతే, చదివేవాడికైనా వినేవాడికైనా అది చిన్న అనుభవం కాదు.

ఇన్ని చదివి, ఇంత విని ఆయన మారాడా అంటే, యుద్ధాలైతే మానలేదు. కుట్ర విఫలమైన కొద్ది నెలలకే పోప్, నేపుల్స్ రాజు తరఫున ఫ్లోరెన్స్ మీదికే సైన్యం నడిపాడు. అయితే భార్య బత్తిస్తా చనిపోయింది కూడా వొల్తెర్రా దోపిడీ జరిగిన వారాలకే, 1472 జులైలో, కొడుకు పుట్టిన ఆరునెలలకు. ఆ తర్వాత పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడు వేసిన పెద్ద చిత్రంలో ఫెదెరీకో మేరీమాత ముందు మోకరిల్లి చేతులు జోడించి ఉంటాడు. అక్కడా కవచమే, శిరస్త్రాణం నేలమీద, చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టాడు. ఎదురుగా భార్య మోకరిల్లాల్సిన చోటు ఖాళీ. ఈ చిత్రాన్ని చూసినవాళ్ళు ఆయన భక్తి నటన అనుకోవడం కష్టం. వొల్తెర్రా గురించి తెలిసినవాళ్ళు ఆ భక్తి ఒక్కటే చాలనుకోవడమూ అంతే కష్టం. ఆయన చదువులో నిజాయితీ ఉందని, ఆ నిజాయితీ ఆయన వృత్తి గడప దాటి లోపలికి రాలేకపోయిందని ఈ ఆధారాలన్నీ చూశాక చెప్పాలి.

1482 సెప్టెంబరు 10న, ఫెరారా యుద్ధంలో, చిత్తడినేలల్లో పట్టుకున్న జ్వరంతో ఫెదెరీకో పోయాడు. అప్పటికి లైబ్రరీలో సుమారు 900 చేతిరాత గ్రంథాలున్నాయి. 1502లో అప్పటి పోప్ కొడుకు, సైన్యాధిపతి చెసారె బోర్జియా ఉర్బీనోను పట్టుకున్నప్పుడు పుస్తకాలు మూటగట్టి తరలించారు, ఒకప్పుడు వొల్తెర్రాకి జరిగిందే ఈసారి ఉర్బీనోకి జరిగింది, కొన్ని పోయాయి, చాలావరకు తర్వాత తిరిగొచ్చాయి. 1631లో ఆఖరి డ్యూక్ చనిపోయాక రాజ్యం పోప్‌కి చేరింది, 1657లో పోప్ ఏడో అలెగ్జాండర్ చేతిరాత గ్రంథాలన్నిటినీ రోమ్‌కి తెప్పించాడు. అవి ఇప్పటికీ వాటికన్ లైబ్రరీలో ఉర్బీనో పేరుతోనే వేరు విభాగంగా ఉన్నాయి. ఫెదెరీకో లాటిన్ బైబిల్ అందులో లాటిన్ వరసలో 1, 2 సంఖ్యలు. స్కాన్ చేసి పెట్టారు కాబట్టి నియమావళిలో చెప్పిన ఆ అధికారి అనుమతి లేకుండానే ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో తెరిచి పేజీ పేజీ చూడొచ్చు. మెనాహెమ్ ఇంటి నుంచి వచ్చిన హీబ్రూ బైబిల్ హీబ్రూ వరసలో 1వ సంఖ్య. ఆ సంఖ్య ముందున్న ఊరి పేరు వొల్తెర్రా కాదు, ఉర్బీనో.